మల్లేశం రిలాక్సయిన విధం

మన్సూరాబాద్‌లో మల్లేశం అంటే తెలియనివాళ్లు లేరు. తాతల నాటి పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్ల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి, మల్లేశం గొంతు మాత్రం పొలం గట్టు మీద నిలబడి పక్క ఊరివాణ్ని కేకేసే గొంతుగానే ఉండిపోయింది. ఆయన ఫోన్ మాట్లాడితే పై వీధిలో నిద్రపోతున్న పిల్లలు లేచి ఏడ్చేవాళ్లు. గోడ తగాదా కానీ, బోరు తగాదా కానీ, ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని మీసం మీద చెయ్యేస్తే చాలు, అవతలివాడు మెత్తబడేవాడు.

అంతటి మల్లేశం ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక స్కానింగ్ సెంటర్లో, వెనక తాళ్లూడిన నీలం గౌను ఒక చేత్తో ముందూ ఒక చేత్తో వెనకా పట్టుకుని, ఎమ్మారై గదిలోంచి బయటికి ఉరికొచ్చాడు.

బయట కుర్చీలో ఆయన ఉంగరాలు, బెల్టు, రెండు ఫోన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భార్య అరుణమ్మ నోరు తెరిచింది. నడుము నొప్పితో పది రోజులుగా మంచం దిగలేకపోతున్నానంటూ, బాత్రూముకు కూడా కొడుకు భుజం పట్టుకుని నడుస్తున్న మనిషి ఇతనేనా అని ఆమె అనుమానం.

"ఏమైంది?" అంది.

"మిషన్ ఖరాబున్నది!" అన్నాడు మల్లేశం, హాల్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా. "లోపల ఏదో కాలుతున్న వాసనొస్తున్నది. మనుషుల్ని సంపుతరా ఏంది వీళ్లు!"

ఆయన వెనకే టెక్నీషియన్ జోస్నా వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మెడలో ఐడీ కార్డు, మొహంలో పొద్దున్నుంచీ ఇలాంటివాళ్లనే చూస్తున్న విసుగు. "సార్, ఇంక స్కాన్ షురూనే చేయలే. బల్ల లోపల్కి పోయింది, గంతే."

"షురూ చేయకముందే గింత వాసనొస్తే, చేసినంక ఏమొస్తదమ్మా? పీనుగొస్తదా?"

జోస్నా తర్వాతి పేషెంటును పిలిచింది. తర్వాతి పేషెంటు ఒక బక్కపల్చని ముసలాయన. లోపలికి వెళ్లి, పడుకుని, లేచి వచ్చి, చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు. మల్లేశం అప్పటికి ఇంకా తన గౌను తాళ్లతోనే కుస్తీ పడుతున్నాడు.

ఇంటికి వచ్చేసరికి కథ మారింది. మిషన్‌లోకి పోగానే కరెంటు పోయిందని పక్కింటివాళ్లకు చెప్పాడు. సాయంత్రానికి ఆ సెంటరుకు పర్మిషనే లేదన్నాడు. మర్నాడు కొడుకు నవీన్ ఎదురుగా కూర్చుని, "డాడీ, భయమైందా?" అని మెల్లగా అడిగితే, పళ్లెం పక్కకు నెట్టి, "నాకు భయమా? పామును తోక పట్టుకొని తిప్పి కొట్టినోణ్ని. నాకు భయమారా?" అని లేచాడు. లేచినవాడు నడుము పట్టేసి అక్కడే ఆగిపోయాడు. అరుణమ్మ వెళ్లి చెయ్యందించింది.

ఎల్‌బీ నగర్‌లో చూపిస్తున్న ఎముకల డాక్టరు కుర్రవాడు, ఓపికస్తుడు. స్కాన్ లేకుండా నరం ఎక్కడ నలుగుతోందో చెప్పలేనన్నాడు. కావాలంటే కాస్త మత్తిచ్చి చేయించవచ్చు, కానీ బీపీ ఉంది, గురక కూడా ఎక్కువంటున్నారు, అది లేకుండా అయితేనే మంచిదన్నాడు. మల్లేశం మత్తు అనే మాట దగ్గరే ఆగిపోయాడు.

"మత్తొద్దు. నాకు మత్తిచ్చి ఎవడన్న కాయితాల మీద బొటనవేలు గుద్దించుకుంటే?"

"ఎవరు సార్?"

"ఎవడన్న. నీకు తెల్వదు డాక్టర్ సాబ్, గీ ఏరియా సంగతి."

అప్పుడు డాక్టరు ఒక విజిటింగ్ కార్డు తీసిచ్చాడు. దాని మీద కళ్లు మూసుకుని నవ్వుతున్న ఒక యువకుడి బొమ్మ, కింద 'అభిరామ్, ప్రొసీజర్ రిలాక్సేషన్ కోచ్' అని పేరు. సూదులకూ స్కాన్లకూ భయపడే పేషెంట్లకు శ్వాస మీద ధ్యాస, ఊహాచిత్రాలు, కండరాలు వదులు చేయడం లాంటివి నేర్పుతాడట. మందు అక్కర్లేకుండా చాలామందికి పనిచేస్తుందని డాక్టరు అన్నాడు. ఆ మాట అబద్ధమేం కాదు. అయితే ఆ చాలామందిలో మల్లేశం లాంటివాడు ఉండి ఉండడు.

అభిరామ్ హాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఉంది. నిన్నమొన్నటి వరకూ అక్కడే ఎంసెట్ పిల్లలకు పరీక్షల భయం పోగొట్టేవాడు. పిల్లలు భయపడటం మానలేదు గానీ తల్లిదండ్రులు అతని దగ్గరికి పంపడం మానేశారు. దాంతో పేషెంట్ల మీద పడ్డాడు. కుర్చీలు మాత్రం పాతవే, రాసుకోవడానికి పక్కన చెక్క ఉన్నవి. ఆ చెక్కకూ కుర్చీకీ మధ్య మల్లేశం పొట్ట ఇరుక్కుంది. అరుణమ్మ వెనక బల్ల మీద కూర్చుంది.

"ముందుగా కళ్లు మూసుకోండి మల్లేశం గారూ," అన్నాడు అభిరామ్, కృష్ణా జిల్లా యాసకు కాస్త తేనె కలిపి. "నెమ్మదిగా గాలి పీల్చండి. వదలండి. ఇప్పుడు మీ మనసుకి ఎంతో ప్రశాంతంగా ఉండే చోటు ఒకటి ఊహించుకోండి. ఊహించుకున్నారాండీ?"

"ఆఁ."

"ఎక్కడున్నారు?"

"మా చెరువు కింది పొలంల."

"చాలా బావుంది. చుట్టూ ఏం కనిపిస్తోందండీ?"

"వరి. గట్టు మీద ఈత చెట్లు. నీళ్ల సప్పుడు..." మల్లేశం గొంతు తగ్గింది. కనుబొమలు విడివడ్డాయి. అరుణమ్మ బల్ల మీద ముందుకు జరిగి చూసింది. ఆ మొహం ఆమె పెళ్లయిన కొత్తలో ఎప్పుడో చూసింది. "గట్టు అవతల జంగయ్యగాని గోడ..." అన్నాడు మల్లేశం. కనుబొమలు మళ్లీ దగ్గరయ్యాయి. "గోడ మా దిక్కు జరిపిండు దొంగ. రాత్రికి రాత్రే జరిపిండు." కళ్లు తెరిచాడు. "ఏమే, నా ఫోనియ్యి."

"ఫోన్లు వద్దండీ, మనం ప్రశాంతంగా..."

"ఆగవయ్యా నువ్వు! హలో, జంగయ్యా? ఏడున్నవ్రా?"

జంగయ్యతో మాట్లాడటం అయ్యేసరికి కింద క్లాసులో పాఠం చెబుతున్న లెక్చరరు పైకి వచ్చి తలుపు కొట్టాడు. అభిరామ్ అతనికి సర్ది చెప్పి, చోటు మార్చాడు. ఈసారి సముద్రతీరం.

"సముద్రమా?" అన్నాడు మల్లేశం. "అన్ని నీళ్లు ఊకెనే పడున్నయంటే నాకేం ప్రశాంతమయ్యా? ప్లాట్లు కొట్టనీకి రాదు, పంటకు రాదు."

ఇక లాభం లేదని అభిరామ్ కండరాల దగ్గరికి వచ్చాడు. పిడికిళ్లు గట్టిగా బిగించి, తర్వాత ఒక్కసారిగా వదిలేయాలి. అలా పాదాల నుంచి నుదురు దాకా. మల్లేశానికి బిగించడం పుట్టుకతో వచ్చిన విద్య. వదలడమే రాలేదు. పిక్కలు బిగించమనగానే బిగించాడు, బిగించినవి అలాగే కొయ్యబారాయి. "అబ్బా, పట్టింది, పట్టింది!" అని చెక్కతో సహా కుర్చీ లేపుకుని నిలబడ్డాడు. అరుణమ్మ కింద కూర్చుని పిక్క రుద్దింది.

వెళ్లేముందు అభిరామ్ ఆమెకు మాత్రమే చెప్పవలసిన మాట ఒకటి చెప్పాడు. "ఇంట్లో ప్రశాంతమైన వాతావరణం చాలా ముఖ్యం అమ్మా. ఆ బాధ్యత మీదే. సాధన చేసేటప్పుడు ఆయన్ని ఎవరూ కదిలించకూడదు."

ఆ బాధ్యత ఎంతటిదో అరుణమ్మకు మర్నాటి నుంచి తెలిసింది. మల్లేశం దివాన్ మీద పడుకుని గాలి పీలుస్తున్నంతసేపూ కుక్కర్ కూత వేయకూడదు, కాలింగ్ బెల్ మోగకూడదు, పనిమనిషి గిన్నెలు కదపకూడదు. ఎవరైనా దగ్గితే మల్లేశం ఒక కన్ను తెరిచి, "ఎవడ్రా వాడు! నేను ప్రశాంతంగున్న!" అని అరిచేవాడు. ఆ అరుపుకు పాలప్యాకెట్లవాడు గేటు దగ్గరి నుంచే వెనక్కి పోయాడు.

కోడలు రోహిణి తెలివైన పిల్ల, ఇన్‌ఫోసిస్ లాంటి పెద్ద ఆఫీసులో కాకపోయినా ఏదో ఆఫీసులోనే పనిచేస్తుంది. ఆమె ఇంకో ఉపాయం చెప్పింది. "మామా, అసలు భయం ఇరుకు జాగ గురించి. అది ఇంట్లనే అలవాటు చేసుకుంటే సరిపోతది." డైనింగ్ టేబుల్ కింద చాప పరిచి మల్లేశాన్ని పడుకోబెట్టింది. చుట్టూ దుప్పటి కట్టింది. మిషన్ చప్పుడు కోసం పక్కనే మిక్సీ పెట్టింది. మిక్సీ ఊరికే తిరిగితే కాలిపోతుందని అరుణమ్మ అందులో నానబెట్టిన మినప్పప్పు వేసింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సాధన. ఆ వారమంతా ఆ ఇంట్లో మూడు పూటలా దోశలే. మిగిలిన పిండి కాలనీలో పంచారు.

మిక్సీ మీట పట్టుకుని నిలబడ్డప్పుడు అరుణమ్మకు ఏవేవో గుర్తొచ్చేవి. నవీన్ పుట్టినప్పుడు నొప్పులు సాయంత్రం మొదలై మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టాయి. ఆమె అరుస్తుంటే దవాఖాన ఆయమ్మ వచ్చి తొడ మీద ఒక్కటి చరిచి, "ఒర్రకు, జనమంత చూస్తున్నరు," అంది. అప్పట్లో రిలాక్సేషన్ టెక్నిక్ అంటే అదే. మల్లేశం బయట మెట్ల మీద దోస్తులతో పేకాడుతున్నాడు. కొడుకు అని చెప్పాక లోపలికి వచ్చి, "ఏమే, బాగనే ఉన్నవు గద," అన్నాడు. బాగానే ఉన్నానని ఆమె కూడా అంది.

"ఏమే, సప్పుడాపినవేంది?" టేబుల్ కింది నుంచి గొంతు.

అరుణమ్మ మీట తిప్పింది.

రెండోసారి స్కానింగ్‌కు అభిరామ్ కూడా వచ్చాడు. మిషన్ గది అద్దానికి ఇవతల, జోస్నా పక్కన కూర్చుని, మైకు ముందు పెట్టుకున్నాడు. మల్లేశం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు, చేతిలో అవసరమైతే నొక్కి బయట గంట మోగించడానికి రబ్బరు బుడ్డి పెట్టారు. బల్ల లోపలికి వెళ్లింది. మిషన్ టకటకమని మొదలైంది.

"మీరు తేలికైపోతున్నారు," అన్నాడు అభిరామ్ మైకులో. "మీ శరీరానికి బరువు లేదు. మీరు ఒక తెల్లటి మేఘం. గాలిలో అలా అలా..."

లోపలి నుంచి ఏదో వినపడింది.

"ఏమంటున్నారు?" అన్నాడు అభిరామ్.

జోస్నా స్పీకర్ పెంచింది. "ఎవడ్రా నువ్వు చెవుల దూరి! మేఘమేందిరా! నన్ను మీదికి పంపుతున్నవా? ఇంక నేను సావలేరా!"

బుడ్డి ఒకసారి కాదు, ఆగకుండా మోగింది. బల్ల బయటికి వచ్చేలోపే మల్లేశం సగం లేచి కూర్చున్నాడు, నుదురు మిషన్‌కు కొట్టుకుంది. బొప్పి కట్టింది. ఆ బొప్పి మీద ఐసు పెట్టుకుని, అభిరామ్ గొంతు అపశకునపు గొంతని, చావు ఇంట్లో భజన చేసేవాడి గొంతని తేల్చేశాడు. అభిరామ్ మాత్రం పేషెంటుకు రిలాక్స్ అయ్యే సంకల్పం లోపించిందని డాక్టరుకు మెసేజ్ పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నారు.

ఇక స్కాన్ మాటే ఎత్తొద్దన్నాడు మల్లేశం. ఎవరూ ఎత్తలేదు. కానీ ఒకరోజు ఉదయం గేటు దాకా నడిచి వెనక్కి వస్తుంటే అరుణమ్మ ఆయన కాళ్ల వైపు చూసింది. ఎడమ కాలికి చెప్పు లేదు. చెప్పు గేటు దగ్గరే ఊడి పడి ఉంది. ఊడిన సంగతి ఆయనకు తెలియలేదు. ఆమె వంగి పాదం మీద గిచ్చింది.

"తెలుస్తున్నదా?"

"ఏం?"

ఇంకా గట్టిగా గిచ్చింది. మల్లేశం ఆమె మొహం వంక చూశాడు. ఆ చూపులో పామును తిప్పి కొట్టినవాడెవడూ లేడు. అరుణమ్మ నవీన్‌కు ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి అందరూ మళ్లీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నారు.

మల్లేశం ఎమ్మారై గది గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. లోపలికి అడుగు వేయడు, వెనక్కి రాడు. జోస్నా గడియారం చూసుకుంటోంది.

"నేను లోపల్కి రావొచ్చా బిడ్డా?" అని అడిగింది అరుణమ్మ.

"రావొచ్చమ్మా. అటెండర్ ఒకరు ఉండొచ్చు. కాని ఒంటి మీద ఇనుము, బంగారం, ఎండి, ఏదీ ఉండొద్దు. పిన్నులు, హుక్కులు, జరీ కూడ. గౌనేసుకోవాలె."

ఇన్నిసార్లు వచ్చినా ఈ ముక్క ఎవరూ చెప్పలేదేమని నవీన్ అడిగాడు. ఎవరూ అడగలేదు కదా అంది జోస్నా.

పుస్తెలతాడు తీయడం దగ్గర మల్లేశం అడ్డం పడ్డాడు. "నేను బతికుండంగనే తీస్తవా? గింత మిషన్ ముందట నిలవెట్టి నా ముందటనే తీస్తవా?" రోహిణి కిందికి పోయి పసుపు కొమ్ము, నూలుదారం కొనుక్కొచ్చింది. అత్తగారి మెడలో దారానికి కొమ్ము కట్టాక గానీ ఆయన పుస్తెలు తీయనివ్వలేదు. గాజులు వచ్చాయి, కమ్మలు వచ్చాయి. ముక్కుపుడక వెనక మర తుప్పుపట్టినట్టు బిగిసి ఉంది, అది కూడా వచ్చింది. మట్టెలు రాలేదు. పెళ్లినాడు సన్నని వేళ్లకు తొడిగినవి. ఇప్పుడు వేళ్లు ఉబ్బి వాటిని మింగేశాయి. రోహిణి సబ్బు రాసి, దారం చుట్టి లాగింది. అరుణమ్మ కుర్చీ చేతులు పట్టుకుని కళ్లు మూసుకుంది. తోలు లేచి రక్తం చిమ్మింది.

"నొస్తున్నదా అత్తమ్మా?" అంది రోహిణి.

"జల్ది తీయుండ్రి," అన్నాడు మల్లేశం గుమ్మం నుంచి. "నాకు పరేషానైతున్నది."

మట్టెలు వచ్చాయి. అరుణమ్మ గౌను తొడుక్కుని, పైన రోహిణి చున్నీ కప్పుకుని, కుంటుతూ లోపలికి నడిచింది. పెళ్లయినప్పటి నుంచి మొగుడూ పెళ్లాం ఒకే రంగు బట్టలు వేసుకోవడం అదే మొదటిసారి.

మల్లేశం పడుకున్నాడు. ఈసారి ఆయన చెవుల్లో దూది పెట్టి, పైన హెడ్‌ఫోన్లు పెట్టారు. మాటలు, పాటలు ఏవీ వద్దన్నాడు. బల్ల లోపలికి వెళ్లింది. తలా ఛాతీ లోపల, పాదాలు బయట. అరుణమ్మ రెండు పాదాలూ పట్టుకుంది. కుడి పాదం వణుకుతోంది. ఎడమ పాదం చల్లగా, ఎవరిదో అన్నట్టుగా ఉంది. ఆమె రెంటినీ గట్టిగా నొక్కింది. మిషన్ మొదలైంది.

ఆ చప్పుడు మామూలు చప్పుడు కాదు. గోడలు తవ్వుతున్నట్టు, రేకుల మీద రాళ్లు పోస్తున్నట్టు. ఆమె చెవుల్లోనూ దూది ఉంది. "ఇగో, నేనున్న," అంది. తన మాట తనకే వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అంది. అప్పుడూ వినపడలేదు. అప్పుడు ఆమెకు ఒక సంగతి తట్టింది. ఇక్కడ ఏమన్నా వినపడదు. అవతలి మనిషి కదలడానికి లేదు, లేచి పోవడానికి లేదు, మధ్యలో మాట అందుకోవడానికి లేదు.

"ఓ మల్లేశం!" అంది అరుణమ్మ.

మొగుడి పేరు నోటితో పలకడం ఆమెకు అదే మొదలు. పైనుంచి ఏమీ కూలలేదు. మళ్లీ అంది. "ఓ మల్లేశం! ఇయ్యాల దొరికినవయ్యా. ఇయ్యాల ఏడికి పోతవ్? మా అమ్మ ఇచ్చిన బర్రెను నాకు చెప్పకుంట అమ్ముకున్నవ్. దూడను ఉంచి తల్లిని అమ్మినవ్. దూడ ఒర్రుతుంటే నిద్ర పడ్తలేదని నా మీద ఒర్రినవ్. మా అమ్మ సచ్చిపోతే దినాలకు గూడ ఉండనియ్యలే. నీ వెంచర్ ఓపెనింగ్‌కు హారతి పట్టనీకి మనిషి కావాల్నని కారు పంపినవ్. ఏడుసుకుంట హారతి పట్టిన. ఫొటోల మంచిగ నవ్వమన్నవ్."

మాట్లాడుతూ ఆమె పాదాలు ఇంకా గట్టిగా నొక్కుతోంది. కుడి పాదం వణకడం మానేసింది. బుడ్డి మోగలేదు.

"కూరల ఉప్పు తక్కువైందని మీ అన్నలందరి ముందట పళ్లెం ఇసిరికొట్టినవ్. ఆ గోడ మీద మరక నేనే కడిగిన. నొప్పులు పడి కొడుకును కంటే బయట పేకాడినవ్. గింత గొట్టంల గింతసేపు పండమంటే గా పిల్లగాడు కావాలె, మైకు కావాలె, మిక్సీ కావాలె, ఇంటిల్లిపాది ఊపిరి బిగవట్టాలె నీకు. మేఘమంట మేఘం! మేఘానివి కాదయ్యా, దున్నపోతువు నువ్వు!"

మిషన్ ఆగింది. ఒక రకం చప్పుడు అయిపోయి ఇంకోటి మొదలయ్యే ముందు అది అలా ఆగుతుందని ఆమెకు తెలియదు. ఆఖరి మాట గదంతా తిరిగింది.

గొట్టంలోంచి నీరసమైన గొంతు వచ్చింది. "ఏమే... ఏమన్నవ్?"

"ఏమనలే. కదలకు, ఫొటో ఖరాబైతది."

మళ్లీ మొదలైంది. అరుణమ్మ కూడా మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఏడాదివారీగా వచ్చింది.

అంతా అయ్యాక ఆమె తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి జోస్నా అద్దం వెనక కుర్చీలో పెదవులు బిగించుకుని కూర్చుని ఉంది.

"అమ్మా," అంది, "లోపల మైకుంటది."

అరుణమ్మ మొహం పాలిపోయింది. "అన్నీ విన్నవా బిడ్డా?"

"గా సప్పుట్ల ఏం వినపడ్తదమ్మా. దూడ సంగతి, దున్నపోతు సంగతి విన్న, గంతే." స్క్రీన్ వైపు తిరిగి, "మా అమ్మకు చెప్పాలె గీ ముచ్చట," అంది.

భుజాలు వదులవడం, శ్వాస నిదానించడం, నుదురు తేలికపడటం. అభిరామ్ చెప్పిన లక్షణాలన్నీ ఆ పూట అరుణమ్మలో ఒక్కటి తప్పకుండా కనిపించాయి. కింద హోటల్లో రెండు ప్లేట్ల పూరీ తింది. మట్టెలు మళ్లీ పెట్టుకోమని మల్లేశం అంటే, పుండు మానినాక చూద్దామంది.

స్కాన్ బాగా వచ్చింది. అంతకంటే బాగా మల్లేశం మారాడు. ఆ రాత్రే జంగయ్యకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. "మనసు మన చెప్పుచేతల్ల ఉండాలెరా. గాలి పీల్చినమా, వదిలినమా, గంతే. పిట్టలెక్క పండుకున్న." వారం తిరగకుండా అభిరామ్‌ను అన్‌బ్లాక్ చేశాడు. అభిరామ్ పూలబొకేతో ఇంటికి వచ్చాడు, ఫొటోలు తీసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్‌కు ఎదురుగా ఫ్లెక్సీ వెలిసింది. మల్లేశం కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, మీసాలతో సహా చిరునవ్వు నవ్వుతున్నాడు. పైన 'భయాన్ని శ్వాసతో జయించారు' అని ఉంది. ఆ ఫొటో తీసినప్పుడు ఆయన కూర్చున్న దివాన్ వెనక అరుణమ్మ చెయ్యి కాస్త కనపడింది. దాన్ని కంప్యూటర్లో చెరిపేశారు.

వనస్థలిపురంలో చుట్టాల గృహప్రవేశానికి పోతే భోజనాల దగ్గర మల్లేశం చుట్టూ మగవాళ్లు మూగారు. ఒకాయనకు గుండె పరీక్ష ఉంది, ఇంకొకాయనకు కంటి ఆపరేషన్. మల్లేశం ఇద్దరి చేతా అక్కడే కళ్లు మూయించి గాలి పీల్పించాడు.

"వదిన కూడ లోపల్కి వచ్చిందట గదనే?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"ఆమె ఊకె నిలవడ్డది," అన్నాడు మల్లేశం. "ఆడోళ్లకు జర భయముంటది గద. బయట ఒక్కతే కూసుంటే పరేషానైతదని నేనే రమ్మన్న."

పక్క వరుసలో బగారా అన్నం తింటున్న అరుణమ్మ ఆ మాట విన్నది. వంకాయ కూర ఇంకాస్త వేయించుకుంది.

ఎల్‌బీ నగర్ డాక్టరు స్కాన్ చూసి, వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందన్నాడు. ఆపరేషన్ దాకా పోకుండా ముందు వెన్ను దగ్గర ఒక ఇంజెక్షన్ ఇచ్చి చూద్దామన్నాడు. పైపైన తిమ్మిరి మందు ఇస్తారు, మనిషికి మెలకువగానే ఉంటుంది, బోర్లా పడుకుని కదలకుండా ఉంటే చాలు.

"ఏడ ఇస్తరు?" అన్నాడు మల్లేశం.

"థియేటర్లో సార్. ఎక్స్‌రేలో చూసుకుంటూ సూది లోపలికి పంపిస్తాం."

మల్లేశం కాసేపు గోడ మీది అస్థిపంజరం బొమ్మ చూశాడు. "మా ఇంటామెను లోపల్కి రానిస్తరు గద?"

"కుదరదు సార్, ఎక్స్‌రే ఉంటుంది." డాక్టరు నవ్వాడు. "అయినా మీకేం సార్, మీకు టెక్నిక్ వచ్చు కదా. మీ ఫ్లెక్సీ రోజూ చూస్తున్నా."

ఇంజెక్షన్ రోజు థియేటర్ తలుపు దాకా మల్లేశం అరుణమ్మ చెయ్యి వదల్లేదు. నర్సు వచ్చి ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి చక్రాల బల్లను లోపలికి తోసుకుపోయింది. నవీన్ బిల్లు కౌంటర్ దగ్గర ఉన్నాడు. అరుణమ్మ వరండాలో ఒక టీ తెచ్చుకుని బెంచీ మీద కూర్చుంది. పక్కన చక్రాల కుర్చీలో కాలికి కట్టుతో ఒక ముసలామె ఉంది. తన పేరు అండాలమ్మ అని, మోకాల్లో నీళ్లు తీయించుకోవడానికి వచ్చానని, కోడలు మందులు తేవడానికి పోయిందని అడక్కుండానే చెప్పింది.

టీ సగం కాకముందే లోపల మొదలైంది.

"అయ్యో! సూది గుచ్చుతున్నరా? గుచ్చిన్రా? ఇంక గుచ్చలేదా? అరుణా! ఓ అరుణా!"

వరండాలో అందరూ తలుపు వైపు తిరిగారు. మన్సూరాబాద్ పొలం గట్ల మీద తయారైన గొంతుకు థియేటర్ తలుపులు ఏమాత్రం అడ్డం కాలేదు.

"సార్, గాలి పీల్చండి," అని లోపల ఎవరో అంటున్నారు.

"నీ గాలి పాడుగాను! మా అరుణను పిలువుండ్రి! అరుణా!"

అండాలమ్మ చక్రాల కుర్చీలో ముందుకు వంగింది. "ఎవరు బిడ్డా, పాపం, గట్ల ఒర్రుతున్నడు?"

"ఎవరో, నాకు తెల్వదమ్మా," అంది అరుణమ్మ.

"పాపం, పెండ్లాన్ని పిలుస్తున్నట్టున్నడు. ఏడికి పోయిందో ఆమె."

"ఏమో మరి."

"నీ పేరేంది బిడ్డా?"

"రోహిణి," అంది.

అరుపులు ఇంకాసేపు సాగి, సన్నగిల్లి, మూలుగై, ఆగిపోయాయి. తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న వార్డుబాయ్ తల బయటికి పెట్టి, వరండా అంతా చూసి, "మల్లేశం అటెండర్ ఎవరు?" అని కేకేశాడు.

అరుణమ్మ కప్పులో మిగిలిన టీ తాగింది. అడుగున కరగకుండా ఉన్న చక్కెర కూడా తిప్పి తాగింది. కప్పు చెత్తబుట్టలో వేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, అప్పుడు లేచింది.